బొడ్డు ఉబ్బితే చూడాల్సింది ఉబ్బుని కాదు, దాని వెనకున్న రంధ్రాన్ని

పసిపిల్లల బొడ్డు ఉబ్బు గురించి పాఠకులు పంపిన ప్రశ్నలను ఈసారి ఒక్కచోట చేర్చాం. జవాబులు పిల్లల శస్త్రచికిత్స నిపుణులవి.

ప్రశ్న: మా బాబుకి రెండు నెలలు. బొడ్డు ఊడిన పది రోజులకి అక్కడ చిన్న ఉబ్బు మొదలైంది. ఇప్పుడు ఏడ్చినప్పుడల్లా బొటనవేలంత పొడుచుకొస్తోంది. ఎక్కువగా ఏడవనివ్వడం వల్లే వచ్చిందని ఇంట్లో అంటున్నారు. లోపల ఉన్నది పేగేనా? పగిలిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: ఏడుపు వల్ల వచ్చింది కాదు. ముందే ఉన్నదాన్ని ఏడుపు బయటపెడుతోంది, అంతే. బిడ్డ గర్భంలో ఉన్నప్పుడు బొడ్డుతాడులోని రక్తనాళాలు పొట్ట గోడని దాటి వెళ్లడానికి ఒక గుండ్రటి రంధ్రం ఉంటుంది. పుట్టాక ఆ నాళాలు ముడుచుకుపోతాయి, రంధ్రం చుట్టూ ఉన్న గట్టి పొర దగ్గరికొచ్చి మూసుకుంటుంది. కొందరిలో ఈ మూసుకోవడం ఆలస్యమవుతుంది. అప్పటిదాకా బిడ్డ ఏడ్చినా, ముక్కినా, దగ్గినా పొట్టలో ఒత్తిడి పెరిగి, లోపలి సన్నని పొర ఒక సంచిలా ఆ రంధ్రంలోంచి ముందుకొస్తుంది. ఇదే బొడ్డు హెర్నియా. ఆ సంచిలోకి పేగు మడత ఒకటి రావచ్చు, కొవ్వు పొర రావచ్చు, ఒక్కోసారి కాస్త ద్రవమే ఉండొచ్చు. నొక్కితే గుడగుడమని లోపలికి జారిందంటే వచ్చింది పేగు. నొప్పి ఉండదు.

పగలదు. పైన చర్మం మొత్తంగా కప్పి ఉంటుంది. ఉబ్బినప్పుడు అది పల్చగా, నీలంగా కనిపించినా సాగే గుణం దానికి చాలా ఉంటుంది. చర్మానికి పుండు పడితే తప్ప చిట్లే అవకాశం లేనట్టే. పుట్టుకతోనే చర్మం లేకుండా పల్చని పొర కింద పేగులు కనబడే జబ్బు వేరే ఉంది. అది పురిటి గదిలోనే తెలిసిపోతుంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

మొదటి కొన్ని నెలల్లో ఉబ్బు ఇంకా పెద్దదైతే కంగారుపడకండి. బిడ్డ బలం పుంజుకుని గట్టిగా ఏడ్వడం నేర్చుకుంటాడు, ఉబ్బు కూడా అలాగే పెరుగుతుంది. తర్వాత మెల్లగా తగ్గుముఖం పడుతుంది. పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి ఐదేళ్లు వచ్చేలోపు దానంతటదే మూసుకుపోతుంది. బిడ్డని ఊరడించండి, కానీ హెర్నియా పెరుగుతుందన్న భయంతో ఏడవనివ్వకుండా చంకలోనే మోయాల్సిన పని లేదు. బోర్లా పడుకోబెట్టి ఆడించడం, ఒళ్లు రుద్దడం, స్నానం, టీకాలు అన్నీ మామూలుగానే.

ప్రశ్న: బొడ్డు మీద నాణెం పెట్టి గుడ్డతో బిగించి కడితే లోపలికి పోతుందని అత్తగారు అంటున్నారు. మందుల షాపులో బొడ్డు బెల్టు కూడా దొరుకుతోంది. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. కారణం తెలిస్తే అత్తగారికి చెప్పడం తేలికవుతుందని కాస్త వివరంగా రాస్తున్నాం.

రంధ్రం మూసుకోవాలంటే దాని అంచులు దగ్గరికి రావాలి. నాణెం చేసే పని ఆ అంచుల మధ్య ఉన్న ఉబ్బుని నొక్కిపెట్టడమే. అంచులని అది దగ్గరికి లాగదు. కోసుగా ఉన్న గుండీ లాంటిది పెడితే రంధ్రంలోకి దిగి అంచులని ఎడంగా ఉంచే ప్రమాదం కూడా ఉంది. బెల్టు సంగతీ ఇంతే. పైగా పసిబిడ్డ ఊపిరి తీసేది ఎక్కువగా పొట్టతోనే. దాని చుట్టూ బిగిస్తే ఊపిరికి ఇబ్బంది, తాగిన పాలు కక్కుకోవడం, పక్కటెముకల కింద ఎర్రగా ఒరుసుకుపోవడం.

అసలు నష్టం చర్మానికి. కట్టు కింద చెమట, పాలు, మూత్రం తడి చేరుతుంది. బొడ్డు మడతలో చర్మం నాని, నాణెం అంచు రాచుకుని పుండవుతుంది. అంటించే టేపుతో బిగిస్తే తీసినప్పుడల్లా పై పొర ఊడొస్తుంది. పుట్టిన కొత్తలో బొడ్డు దగ్గర చీము పట్టడం తేలిగ్గా తీసుకునే విషయం కాదు, అది లోపలికీ రక్తంలోకీ పాకగలదు. ఇంకొకటి: ఎప్పుడైనా పేగు ఇరుక్కుంటే మొదట కనబడేది బొడ్డు రంగు మారడం, గట్టిపడడం. ఆ గుర్తులని కట్టు కప్పేస్తుంది.

‘మా పెద్దాడికి కట్టాం, తగ్గిపోయింది కదా’ అన్న మాట కూడా అబద్ధం కాదు. కట్టకపోయినా పదిలో తొమ్మిది తగ్గుతాయి కాబట్టి కట్టినవాళ్లలోనూ తగ్గుతాయి. పేరు మాత్రం నాణేనికి దక్కుతుంది.

ఇప్పటికే కట్టి ఉంటే తీసేయండి. టేపు ఉంటే గోరువెచ్చని నీళ్లతోనో, కొద్దిగా నూనెతోనో నానబెట్టి నెమ్మదిగా విడదీయండి. కింద చర్మం ఎర్రగా చెమ్మగిల్లి ఉంటే డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: పాపకి రెండున్నరేళ్లు. ఉబ్బు అలాగే ఉంది. తగ్గుతోందో లేదో ఇంట్లో తెలుసుకునే మార్గం ఉందా? స్కానింగ్ తీయించాలా?

జవాబు: అందరూ ఉబ్బు ఎంత బయటికొస్తోందో చూస్తారు. తగ్గుతుందా లేదా అన్నది తేల్చేది రంధ్రం వెడల్పు. ఏనుగు తొండంలా పొడుచుకొచ్చిన బొడ్డు కింద అర సెంటీమీటరు రంధ్రమే ఉండొచ్చు. చూడ్డానికి చిన్నగా ఉన్న ఉబ్బు కింద రెండు సెంటీమీటర్లది ఉండొచ్చు. మొదటిది మూసుకునే అవకాశమే ఎక్కువ.

పాప నిద్రపోతున్నప్పుడో, ఆడుకుంటూ వెల్లకిలా పడుకున్నప్పుడో చూడండి. చేయి కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని, వేలి కొసతో ఉబ్బుని మెల్లగా లోపలికి నెట్టండి. లోపలికి పోయాక వేలి చుట్టూ ఉంగరంలా గట్టి అంచు తగులుతుంది. ఆ ఉంగరమే కొలవాల్సింది. మీ చిటికెన వేలి కొస వెడల్పు ఎంతో స్కేలుతో ముందే చూసుకోండి, పెద్దవాళ్లలో సుమారు ఒక సెంటీమీటరు, కాస్త ఎక్కువ ఉంటుంది. వేలి కొస దూరడం లేదా, బిగుతుగా పడుతోందా, పక్కన చోటు మిగులుతోందా అని తేదీ వేసి రాసుకోండి. మూడు నెలలకోసారి చాలు. రోజూ నొక్కి చూస్తే తేడా తెలియదు, పాపకి విసుగు.

సెంటీమీటరు లోపుంటే మూసుకుంటుందనే ఆశించవచ్చు. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు దాటి, ఏడాదిగా ఏమీ తగ్గకపోతే దానంతటది మూసుకునే అవకాశం తక్కువ. అయినా రెండున్నరేళ్లకే ఆపరేషన్ అని కాదు. ఇబ్బంది లేకపోతే నాలుగైదేళ్ల వరకూ ఆగడమే సాధారణ పద్ధతి. వయసు పెరిగేకొద్దీ మత్తు ఇవ్వడం భద్రం, ఈలోపు కొన్ని మూసుకుపోతాయి కూడా. రంధ్రం మరీ పెద్దదై ఇంకా పెరుగుతుంటే సర్జన్ ముందే చేద్దామనవచ్చు.

స్కానింగ్ అక్కర్లేదు. చేత్తో చూస్తే తెలిసేదానికి యంత్రం ఎందుకు? ఉబ్బు ఏమిటో తేలనప్పుడు, బొడ్డులోంచి ద్రవం కారుతున్నప్పుడు మాత్రం అవసరమవుతుంది.

ప్రశ్న: ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి?

జవాబు: పిల్లల బొడ్డు హెర్నియాలో పేగు ఇరుక్కోవడం చాలా అరుదు. కానీ ఇరుక్కుంటే గంటలు లెక్కే, ఎందుకంటే ఇరుకు రంధ్రంలో పేగు వాచి, దానికి రక్తం అందడం ఆగిపోతుంది. చూడాల్సినవి ఇవి: మెత్తగా ఉండే ఉబ్బు బంతిలా గట్టిపడి లోపలికి పోకపోవడం, ముట్టుకుంటే బిడ్డ గుక్కపట్టి ఏడ్వడం, చర్మం ఎర్రగానో కమిలినట్టో నల్లగానో మారడం, వాంతులు, పొట్ట ఉబ్బడం, విరేచనం గానీ గ్యాస్ గానీ పోకపోవడం. వాంతిలో ఆకుపచ్చని పసరు వస్తే బొడ్డు ఎలా ఉన్నా సరే, వెంటనే బయల్దేరాల్సిందే.

ఒక్క చిక్కు ఉంది. ఏ బిడ్డ గట్టిగా ఏడ్చినా ఉబ్బు బిగుసుకుంటుంది. ముందు ఎత్తుకుని ఊరడించి, వెల్లకిలా పడుకోబెట్టండి. ఏడుపు ఆగాక మెత్తబడితే అది మామూలే. నిమ్మళించిన బిడ్డలో కూడా గట్టిగానే ఉంటే, లేదా పైన చెప్పిన వాంతులో రంగు మార్పో ఉంటే ఇక ఊరడిస్తూ కూర్చోవద్దు. బలంగా నొక్కి తోయకండి. కాపడం పెట్టకండి. పాలూ నీళ్లూ ఏమీ పట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. చివరిసారి ఏం తాగాడో, ఎన్నింటికో గుర్తుపెట్టుకుని పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ డాక్టరు నొప్పి తగ్గించి చేత్తో లోపలికి పంపే ప్రయత్నం చేస్తారు. పోయినా బిడ్డని కనిపెట్టి చూసి, త్వరలో ఆపరేషన్ పెడతారు. పోకపోతే అప్పుడే ఆపరేషన్.

ప్రశ్న: రాత్రిళ్లు గ్యాస్‌తో మెలికలు తిరుగుతున్నాడు. హెర్నియా వల్లేనా?

జవాబు: దాదాపు ఎప్పుడూ కాదు. పసిపిల్లల గ్యాస్, మెలికలు, ముక్కడం హెర్నియా లేనివాళ్లలోనూ అంతే ఉంటాయి. మెలిక తిరిగినప్పుడు బొడ్డు ఉబ్బుతుంది, చూసినవాళ్లకి అదే కారణంలా తోస్తుంది.

ప్రశ్న: మా పాప నెల తక్కువలో, 1,400 గ్రాముల బరువుతో పుట్టింది. బొడ్డు హెర్నియాతో పాటు మలబద్ధకం ఉంది. ఏమైనా పరీక్షలు అవసరమా?

జవాబు: నెలలు నిండకుండా, ఒకటిన్నర కిలోల లోపు పుట్టిన పిల్లల్లో బొడ్డు హెర్నియా లేనివాళ్లే తక్కువ. వీళ్లలోనూ చాలావరకు మూసుకుంటుంది. ఆ మాటకొస్తే ఈ పిల్లల్లో గజ్జల్లో ఉబ్బు వస్తుందేమో చూడడం ఇంకా ముఖ్యం. గజ్జల హెర్నియాకి ‘ఆగి చూద్దాం’ వర్తించదు. పసివాళ్లలో అది ఇరుక్కునే అవకాశం బాగా ఎక్కువ, తెలిసిన వెంటనే ఆపరేషన్‌కి రాయించుకోవాలి.

మలబద్ధకం వల్ల హెర్నియా రాలేదు. అయితే రెండూ కలిసి ఉన్నప్పుడు థైరాయిడ్ ఒకసారి చూడడం మంచిది. పుట్టుకతో థైరాయిడ్ తక్కువైన బిడ్డలో బొడ్డు ఉబ్బు, మలబద్ధకం, ఎక్కువ రోజులు తగ్గని పసిరికలు, బొంగురు ఏడుపు, పెద్ద నాలుక, ఎప్పుడూ మగతగా ఉండి పాలకి లేవకపోవడం కనిపిస్తాయి. పుట్టగానే మడమ నుంచి రక్తం తీసి చేసే పరీక్ష జరిగిందో లేదో అడగండి. జరగకపోతే టీఎస్‌హెచ్, టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు ఇప్పుడే చేయించండి. మొదటి వారాల్లో మందు మొదలవ్వడానికీ, నెలలు గడిచాక మొదలవ్వడానికీ మెదడు ఎదుగుదలలో చాలా తేడా వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కూడా బొడ్డు హెర్నియా ఎక్కువే.

ప్రశ్న: మూడేళ్ల బాబుకి బొడ్డుకి రెండు అంగుళాలు పైన, సరిగ్గా మధ్యలో గోలీ అంత గడ్డ. ఇదీ తగ్గిపోతుందా?

జవాబు: ఇది వేరే రకం. రొమ్ము ఎముకకీ బొడ్డుకీ మధ్యనున్న గీతలో చిన్న చీలిక ఉండి, అందులోంచి కాస్త కొవ్వు ముందుకొస్తుంది. ఇది దానంతటది మూసుకోదు. తొందర లేదు గానీ నొప్పి పెడుతున్నా, పెరుగుతున్నా ఆపరేషన్ చేస్తారు. ఒక చిన్న విషయం మాత్రం మర్చిపోవద్దు: మత్తు ఇచ్చాక ఇది దొరక్కుండా పోతుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు బాబు మెలకువగా నిలబడి ఉండగానే సర్జన్ చేత పెన్నుతో గుర్తు పెట్టించుకోండి.

బొడ్డు నుంచి పైకి పొడుగ్గా గట్టులా లేచి, తల ఎత్తినప్పుడే కనిపించేదైతే హెర్నియా కాదు. రెండు కండరాల మధ్య ఎడం, అంతే. ఎదుగుతుంటే పోతుంది.

ప్రశ్న: ఐదేళ్లు నిండాయి, మూసుకోలేదు. నొప్పేమీ లేనప్పుడు ఆపరేషన్ ఎందుకు? ఎలా చేస్తారు? పెద్దవాళ్లకి వేసినట్టు జాలీ (రంధ్రాన్ని కప్పే వల లాంటి ముక్క) వేస్తారా?

జవాబు: ఐదేళ్ల తర్వాత మూసుకునే అవకాశం బాగా తగ్గిపోతుంది. పెద్దయ్యాక బరువు పెరిగినప్పుడు, ఆడపిల్లకైతే గర్భం వచ్చినప్పుడు, ఇదే రంధ్రం సాగి ఇబ్బంది పెడుతుంది. చిన్నతనంలో అరగంట పని, కణజాలం మెత్తగా ఉంటుంది, జాలీ అక్కర్లేదు. ఎదిగే ఒంట్లో ఎదగని వస్తువు పెట్టకపోవడమే మేలు.

బిడ్డకి పూర్తి మత్తు ఇస్తారు. బొడ్డు కింది అంచున నెలవంకలా రెండు మూడు సెంటీమీటర్లు కోస్తారు, మచ్చ మడతలో కలిసిపోయేలా. సంచిని చర్మం నుంచి విడదీసి, లోపల ఏదైనా ఉంటే పొట్టలోకి పంపి, అదనపు సంచిని కత్తిరిస్తారు. తర్వాత గట్టి పొర అంచులని కలిపి నాలుగైదు కుట్లు వేస్తారు. బలమంతా ఈ కుట్లదే. దారం రెండు నుంచి ఆరు నెలల్లో లోపలే కరిగిపోతుంది. చివరగా బొడ్డు చర్మాన్ని లోపలివైపు నుంచి ఆ పొరకి కుట్టి గుంటలా కూర్చోబెడతారు. పై చర్మానికీ కరిగే దారమే, లేదా జిగురు. కుట్లు తీయించుకునే పని లేదు. మెలకువ రాకముందే అక్కడ తిమ్మిరి మందు ఎక్కిస్తారు, దాంతో మొదటి కొన్ని గంటలు నొప్పి తెలియదు. ఎక్కువమంది అదే రోజు సాయంత్రానికి ఇంటికి వెళ్తారు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది పస్తు దగ్గర. అన్నం, టిఫిన్, డబ్బా పాలు 6 గంటల ముందు ఆపాలి. తల్లిపాలు 4 గంటల ముందు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకూ తాగొచ్చు, కొన్ని ఆసుపత్రులు ఇంకాస్త సడలిస్తాయి. మత్తులో గొంతు కాపలా కాయదు, పొట్టలో ఉన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ఈ నియమం. ‘పాపం, ఒక్క బిస్కెట్టే కదా’ అని పెట్టి చెప్పకుండా ఉండడం అన్నిటికంటే ప్రమాదం. పెడితే చెప్పేయండి, ఆపరేషన్ వాయిదా పడుతుంది, అంతకన్నా ఏమీ కాదు. అలాగని రాత్రి నుంచీ నీళ్లు కూడా ఇవ్వకుండా మాడ్చడం కూడా తప్పే. ముందు రెండు వారాల్లో జలుబు, దగ్గు, జ్వరం వచ్చి ఉంటే మత్తు డాక్టరుకి చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా మత్తు మందు పడని సంఘటన ఉంటే అదీ చెప్పాలి.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఏం చూసుకోవాలి?

జవాబు: నొప్పి మందు నొప్పి మొదలయ్యాక కాదు, తిమ్మిరి దిగకముందే మొదలుపెట్టండి. మొదటి ఒకటి రెండు రోజులు వేళ ప్రకారం ఇవ్వాలి. పారాసిటమాల్ మోతాదు కిలో బరువుకి 15 మిల్లీగ్రాములు, మోతాదుల మధ్య 6 గంటలు, రోజుకి నాలుగుసార్లకి మించకూడదు. 16 కిలోల బిడ్డకి ఒక మోతాదు 240 మిల్లీగ్రాములు. సీసా మీద 5 మిల్లీలీటర్లకి 120 అని ఉంటే 10 మిల్లీలీటర్లు, 240 అని ఉంటే 5 మిల్లీలీటర్లు. రెండు రకాల సీసాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. చెంచా లెక్క మానేసి, అంకెలున్న సిరంజితో కొలవండి. ఆస్పిరిన్ పిల్లలకి ఇవ్వొద్దు.

బొడ్డు గుంటలో దూది ఉండ పెట్టి పైన పట్టీ వేస్తారు. రక్తం, ద్రవం గూడుకట్టకుండా అదొక ఒత్తిడి. రెండు మూడు రోజులు, లేదా సర్జన్ చెప్పినన్ని రోజులు కదల్చకండి. ఈలోపు తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. తర్వాత నీళ్లు పోయొచ్చు, తొట్టిలో నానబెట్టొద్దు. తిండికి పథ్యం లేదు. నీళ్లు, పీచు ఎక్కువ ఇస్తే ముక్కే పని తగ్గుతుంది. నడవనివ్వండి. వారంలోపే బడికి వెళ్లొచ్చు. గెంతడం, సైకిలు, కుస్తీ, ఈత మాత్రం రెండు మూడు వారాలు వద్దు.

పట్టీ మీద చిన్న రక్తపు మరక మామూలే. అది తడిసి పెద్దదవుతుంటే, బొడ్డు చుట్టూ ఎర్రదనం పాకుతుంటే, చీము వస్తుంటే, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే, వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

ప్రశ్న: బొడ్డు ఊడి మూడు వారాలైంది. లోపల ఎర్రగా బఠాణీ గింజంత బుడిపె, ఎప్పుడూ తడి. ఇదీ హెర్నియానేనా?

జవాబు: కాదు. ఏడ్చినప్పుడు పెరగదు, నొక్కితే లోపలికి పోదు కదా? బొడ్డు మానేటప్పుడు మిగిలిన ఎర్రటి కండ అది. డాక్టరు సిల్వర్ నైట్రేట్ పుల్లతో తాకిస్తే ఒకటి రెండు విడతల్లో ఎండిపోతుంది. ఆ మందు చుట్టూ చర్మాన్ని కాలుస్తుంది, ఇంట్లో చేసే పని కాదు. దానికీ ఎండకపోతే, లేదా మూత్రంలాంటి ద్రవమో పచ్చని మలమో కారుతుంటే, మూత్రాశయానికో పేగుకో బొడ్డుతో ఉన్న పాత దారి మూసుకోలేదేమో చూడాలి. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రబడి వాచి, బిడ్డ పాలు తాగడం మానేస్తే రేపటిదాకా ఆగొద్దు.

ప్రశ్న: బాబుకి ఆపరేషన్ అయి నెలైంది. బొడ్డు ఇంకా ముందుకే ఉంది. హెర్నియా తిరగబెట్టిందా?

జవాబు: చాలాసార్లు ఇది సాగిపోయిన చర్మమే. ఏళ్ల తరబడి ఉబ్బి ఉన్న చర్మం ఒక్కరోజులో కుదించుకోదు, కొన్ని నెలలు పడుతుంది. మొదటి వారాల్లో గట్టిగా తగిలేది వాపు కావచ్చు, గూడుకట్టిన ద్రవం కావచ్చు, అదీ ఇంకిపోతుంది. తేడా పట్టడానికి పాత పద్ధతే: పడుకోబెట్టి, దగ్గమని, వేలితో చూడండి. చర్మం వదులుగా ఉన్నా కింద గట్టిగా మూసుకుని ఉంటే పని సరిగ్గా అయినట్టే. దగ్గినప్పుడు వేలికి తట్టి, నొక్కితే గుడగుడమని లోపలికి పోతుంటే తిరగబెట్టినట్టు. ఇలా జరిగేది నూటికి ఒకరిద్దరికే, మళ్లీ కుట్టాల్సి వస్తుంది. ఏడాది గడిచాక కూడా చర్మం తొండంలా వేలాడుతూ బాబుకి సిగ్గనిపిస్తుంటే, అదనపు చర్మాన్ని సరిచేసే చిన్న ఆపరేషన్ గురించి సర్జన్‌ని అడగండి.